బూడిద పట్టీ

సుబేదారిల జిరాక్సు దుకానం మూతపడుతుంటే
పన్నెండు వందలకు తెచ్చుకున్న స్కానరు.
అద్దం మీద ఎవరిదో పాస్‌పోర్టు ఫోటో అంటుకొని ఉండె.
నానవెట్టి, గోటితోని గీకితే
చెవి ఒక్కటి మిగిలింది. ఇప్పటికీ ఉన్నది.

కొత్తవాడల ఇల్లు.
ముందరి అర్రల మగ్గం, ఎనక అర్రల నేను,
నడుమ గొళ్ళెం పడని తలుపు.
మామ గీసిన గ్రాఫు కాయితాలు ఇరవై ఏడు:
నెమళ్ళు, మెట్లు, కోట తోరణం,
ఏ చెట్టుకూ పుయ్యని పూలు.
జంపఖానా నమూనాలన్నీ
పొద్దుగూకేలోపు సొసైటీకి పంపాలె.
చెదలు నాకంటే ముందే పని మొదలువెట్టినయి.

పచ్చలైటు వెలిగింది.
కంప్యూటరు మాత్రం పరికరం దొరకలేదన్నది.
మూరెడు దూరంల కూసున్నది గదనే,
కండ్లు లేవా నీకు? అని తిట్టిన.

ముందటి రంధ్రంల పెట్టిన. ఉలుకు లేదు, పలుకు లేదు.
ఎనకది దొరకాలంటే బల్ల జరపాలె.
బల్ల జరిపితే రెండు గుండీలు, ఒక పెన్ను మూత,
పోయిన ఏడాది పోయిందనుకున్న కరెంటు బిల్లు.
అక్కడ పెడితే టింగుమన్నది.
దీపం కదిలింది, గీసుకుంట గీసుకుంట వచ్చి
నెమలి మెడకాడ ఆగిపోయింది.

ఊదిన. తుడిచిన. తిప్పి పెట్టిన.
నడుమ అతికిన పొడుగు తీగె తీసేసిన.
బంద్ చేసి, పది లెక్కవెట్టి, మళ్ళ చాలు చేసిన.
ఒకసారి తోక దాకా వచ్చింది,
ఒకసారి ముక్కు కూడ రాలె.
ఎప్పుడు వస్తదో, ఎప్పుడు రాదో
దాని ఇష్టం, దేవుని ఇష్టం అనుకుంటున్నంతల
ముందరి అర్రల ధడ్ మన్నది.
తెర మీద బొమ్మ తెగింది.

ఇంకోసారి చూసిన.
ధడ్. తెగింది.

"ఓయ్, జరసేపు మగ్గం ఆపు!"
"ఎందుకు?"
"నువ్వు కొట్టే దెబ్బకు నా తీగె ఊడుతున్నది."
ఓదెలు లేచొచ్చి బల్ల కింద తొంగిచూసిండు.
ఇరవై ఏండ్ల నుంచి తెగిన పోగు
చూపుతోని కాదు, వేలికొసతోని పట్టే మనిషి.
తీగె పొడుగునా వేలు జరుపుకుంట పోయి
స్కానరు మూతికాడ, ఆ చౌకం ముక్క దగ్గర ఆగిండు.
"గిక్కడ వదులున్నది" అన్నడు.

కింద అగ్గిపెట్టె అట్ట మడిచి పెట్టినం.
అదీ కుదరక, నేనే రెండు వేళ్ళతోని
పైకెత్తి పట్టుకొని కూసున్న.
కాయితానికి నలభై సెకండ్లు.
పొద్దుటి సంది ఆగని మగ్గం ఆగింది.
పక్కింటి సాంబలచ్చిమి గోడమీంచి అడిగింది,
"ఏందే, ఎవరికన్న బాగలేదా?"

పదకొండో కాయితంకాడ
ఓదెలు మరిచిపోయి ఒక్క దెబ్బ కొట్టిండు.
బొమ్మ తెగలేదు గని
నెమలి మెడకు అడ్డంగ బూడిద పట్టీ పడ్డది.
మళ్ళ తీసే ఓపిక లేదు, టైము లేదు.
అట్లనే పంపిన.

తెల్లారి ఎదురింటి ఫర్హీన్ తన ప్రింటరు తీగె తెచ్చి పెడితే
నెమలి మొత్తం ఒక్క ఊపుల వచ్చింది, ధడ్ ధడ్ నడుమనే.
తప్పు స్కానరుది కాదు, కంప్యూటరుది కాదు, ఓదెలుది అసలే కాదు.
మండిబజారుల నూట ఇరవైకి కొత్తది దొరికింది.
పాతదాన్ని పారెయ్య బుద్ధి గాలె,
గ్రాఫు కాయితాల చుట్టకు కట్టిన. గట్టిగనే పట్టింది.

నాలుగొద్దులకు సొసైటీ నుంచి ఫోను.
"పదకొండో నమూనా మస్తుగున్నది,
గా బూడిద పట్టీ కొత్తగున్నది. యాభై కావాలె."
అది నమూనా కాదు సారూ, అనబోయిన.
ఓదెలు నా చేతిలకెల్లి ఫోను గుంజుకొని
"ఎప్పటికి గావాలె?" అన్నడు.

రాత్రి తెర మీద గోరు పెట్టి లెక్కవెట్టిండు:
పట్టీ వెడల్పు తొమ్మిది గళ్ళు.
మామ గ్రాఫు మీద పెన్సిలుతోని
నేను ఆ తొమ్మిదీ నింపిన, మెల్లగ,
ఆయన చూస్తుంటే ఎట్ల నింపుదునో అట్ల.

బూడిద నూలు ఇంట్ల లేదు.
రేపు అద్దకానికి పొయ్యాలె.